తప్పనిసరి గడి

భవానితో వాదించి గెలిచినవాడు జహీరాబాద్‌లో ఇంకా పుట్టలేదని అనిల్ అంటుంటాడు. అందులో సగం మెప్పు, సగం ఏడుపు. బస్టాండు ఎదుటి సందులో, టైలర్ దుకాణం మీది రెండు గదుల్లో అతని ఆఫీసు. ఫంక్షన్ హాళ్లకూ, ప్రైవేటు బడులకూ, ఎరువుల దుకాణాలకూ వెబ్ పేజీలు చేసిపెట్టడం అక్కడి పని. తండ్రికి ఫ్యాక్టరీలో ఇంజనీరు ఉద్యోగం వస్తే తెనాలి నుంచి వచ్చిన కుటుంబం అతనిది. ఇక్కడే చదివాడు, ఇక్కడే దుకాణం తెరిచాడు, మాట మాత్రం తెనాలిలోనే ఉండిపోయింది. భవానిది ఝరాసంగం దగ్గరి పల్లె. షేర్ ఆటోలో వచ్చి డిగ్రీ చదివింది, ఇప్పుడు అదే షేర్ ఆటోలో వచ్చి అనిల్ దగ్గర పేజీలు కడుతోంది. నలుగురి మధ్య ఇరుక్కుని కూచోవడం వల్ల వచ్చిందో ఏమో, మోచేతులతో చోటు చేసుకునే గుణం ఆమెకు బాగా అబ్బింది.

ఆమె బల్ల సొరుగులో అద్దం పగిలిన పాత ఫోను ఒకటుంటుంది. పేజీ ఎంత సింగారంగా ఉన్నా ముందు ఆ ఫోనులో తెరుచుకోవాలి. అదీ ఆఫీసు వైఫైలో కాదు. ఝరాసంగం తొవ్వలో, సిగ్నల్ ఉందా లేదా అని ఫోనుకే అనుమానం వచ్చే చోట తెరుచుకోవాలి. పేజీ కట్టేవాళ్లు ఎవరైనా సరే ముందుగా తెలుసుకోవలసిన సంగతి ఇదే. నీ పేజీని నీ కంప్యూటర్‌లో చూసేది నువ్వొక్కడివే. మిగతా లోకమంతా దాన్ని ఎండలో నిలబడి, గీతలు పడిన అద్దం మీద, చెమట వేలితో చూస్తుంది. ఈ ముక్క తెలియనివాళ్లే పెద్ద పెద్ద పేజీలు కట్టి పెద్ద పెద్ద జీతాలు తీసుకుంటుంటారు, అది వేరే విషయం.

దసరా వెళ్లిన వారానికి హైదరాబాద్ కంపెనీ ఒకటి ఒక పని తెచ్చింది. కొర్రలూ సామలూ సజ్జలూ నేరుగా ఆడరైతుల దగ్గరే కొంటారట. పేజీ పేరు 'ఆడవాళ్ల పంట'. పండించిన ఆడమనిషి తన ఫోనులో తానే పేరు నమోదు చేసుకోవాలి. చేసుకున్నవాళ్ల ఊరికి సోమవారం బండి వస్తుంది. శనివారం సాయంత్రానికి పేజీ మూసేస్తారు. పేరు ఎక్కనివాళ్లు ఎప్పటిలాగే మార్కెట్‌కు మోసుకుపోయి, దళారి ముందు నిలబడి, వాడు చేటలో గింజలు ఎగరేసి మూతి ముడిస్తే చూస్తూ ఉండాలి. భవాని పెద్దమ్మ శరణమ్మ అలా చాలా ఏళ్లు చూసింది. అందుకే ఈ పేజీని భవాని ఇంకెవరికీ వదల్లేదు.

"పైన బొమ్మలు జరుగుతుండాలంటమ్మా" అన్నాడు అనిల్ మొదటిరోజే. "ఒకటి పోయి ఇంకోటి రావాలి. పొలం, ఆడవాళ్ల నవ్వులు, సూర్యోదయం. క్లయింట్ మరీ మరీ చెప్పాడు."

"గా బొమ్మలన్ని దిగేసరికి సూర్యాస్తమయం అయితది సార్. నేల విడిచి సాము చేద్దామంటరా?"

"పోనీ పేరైనా అందమైన అక్షరాలతో బొమ్మగా చేసి పెడదాం."

"బొమ్మల ఉన్న అక్షరాన్ని ఫోన్ చదివి వినిపించదు సార్. మా దిక్కు సగంమందికి చదువు రాదు. వింటేనే తెలుస్తది."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషితో ఎంతసేపని? అనిల్ చేతులెత్తేశాడు. భవాని తన ఇష్టప్రకారం కట్టింది. ఒకే ఒక చిన్న బొమ్మ. అక్షరాలు అక్షరాలుగానే. ప్రతి గడి పక్కనా మైకు బొమ్మ, దాన్ని నొక్కి మాట్లాడితే చాలు, టైపు చేసే పని లేదు. ఏం విన్నదో పేజీ తిరిగి పైకి చదివి "అవునా?" అని అడుగుతుంది. మధ్యలో సిగ్నల్ పోయినా చెప్పిన మాట పోదు, వచ్చాక అక్కడి నుంచే మొదలవుతుంది. మనిషి ఒకసారి చెప్పిన దాన్ని మళ్లీ మళ్లీ చెప్పించే పేజీ అంటే భవానికి ఒళ్లు మంట. అన్నీ అయ్యాక పాత ఫోనులో తెరిచి చూసుకుని, తన భుజం తానే తట్టుకుంది. ఇల్లలకగానే పండగ కాదని అప్పుడు ఎవరూ గుర్తు చేయలేదు.

*

మంగళవారం పేజీని పల్లెకు తీసుకుపోయింది. శరణమ్మ ఇంటి ముందు పందిరి కింద సంఘం ఆడవాళ్లు కూడారు. శరణమ్మ పొడుగాటి మనిషి, మాట పొదుపు. పిల్లలు లేరు. మొగుడు ఎప్పుడో బీదర్ వైపు పోయి అక్కడ ఇంకో సంసారం పెట్టుకున్నాడు. ఆ మనిషి పేరు ఈ కథకూ అక్కర్లేదు.

మొదట పార్వతమ్మ కూచుంది. ఊళ్లో ఆమె నోటికి తాళం లేదు. మైకు నొక్కి, పక్క ఊరికి వినపడేలా "పార్వతమ్మా!" అని అరిచింది. ఫోను వినయంగా "మీ పేరు పార్వతమ్మ. అవునా?" అంది. పార్వతమ్మ మురిసిపోయి అందరి వైపూ చూసింది. ఊరు చెప్పింది, ఫోన్ నంబరు చెప్పింది, కొర్ర, సామ, సజ్జ, కంది అంటూ పంటలన్నీ ఏకరువు పెట్టింది. భవాని గర్వంగా నిలబడి చూస్తోంది. అప్పుడు ఫోను అడిగింది.

"మీ భర్త పేరు చెప్పండి."

పార్వతమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ నోరు మూతపడటం అక్కడున్నవాళ్లలో చాలామంది మొదటిసారి చూశారు.

"చెప్పు అత్తా" అంది భవాని.

"ఎట్ల చెప్తనే? మొగని పేరు నోటితోని అంటరా? ఆయుష్షు తగ్గదా?"

"అది చెప్పకుంటే ముందుకు పోదు."

పార్వతమ్మ అటూ ఇటూ చూసి, మైకు దగ్గరికి వంగి, సిగ్గుతో మెలికలు తిరుగుతూ "మా రాజు నాయిన" అంది.

"మీ భర్త పేరు మా రాజు నాయన. అవునా?" అంది ఫోను.

పందిరి ఎగిరిపోయేలా నవ్వారు. ఇక అక్కడి నుంచి ఎవరి తెలివి వాళ్లు చూపించారు. ఒకామె "ఊరందరికి ఎరుకే" అంది. ఒకామె గోడకున్న క్యాలెండర్లో దేవుణ్ని చూపించి, "ఈయన పేరే" అని, ఫోనుకు కళ్లున్నట్టే ఎదురు చూసింది. కొత్తగా కాపురానికొచ్చిన నాగరాణి మైకులో ఏమీ చెప్పకుండా చాలాసేపు నవ్వింది. ఫోను ఆ నవ్వును ఏ అక్షరాలుగా రాయాలో తెలియక ఇంకోసారి చెప్పమంది. భవాని కూడా కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే ఆ గడి వైపు మళ్లీ చూసింది. ఈ ఆడవాళ్ల కోసమని కట్టిన పేజీలో ఈ ఆడవాళ్లు నోరు తెరవలేని గడి ఒకటి తన చేతులతోనే పెట్టింది. దాని నెత్తిన ఎర్ర చుక్క కూడా పెట్టింది. ఎర్ర చుక్క ఉందంటే అది నింపకుండా పేజీ కదలదని అర్థం.

శరణమ్మ వంతు వచ్చింది. పేరు, ఊరు, పంట అన్నీ చెప్పింది. ఆ గడి రాగానే ఫోను కింద పెట్టేసింది.

"పెద్దమ్మా, నువ్వేం చెప్పకు. పేరు నాకు తెలుసు గద, నేను రాస్త" అంది భవాని.

"రాస్తే నీ చేతులు ఇరుగుతయ్."

నవ్వులు ఆగిపోయాయి. శరణమ్మ గొంతు పెంచలేదు.

"వీళ్లు చెప్పకపోయేది మర్యాదకు, ప్రేమకు. నేను చెప్పకపోయేది గందుకు కాదు బిడ్డా. ఆ పేరు నా నోట్లె ఉండుడు నాకు ఇష్టం లేదు. ఈ భూమి మా అవ్వ నాకిచ్చింది. దున్నించింది నేను, ఇత్తులు పెట్టింది నేను, పిట్టలను కొట్టింది నేను. పంట ఇంటికొచ్చిందని ఎవరన్న చెవిల ఊదితే బీదర్ నుంచి బస్సెక్కి వస్తడు, తినిపోతడు. ఇప్పుడు నువ్వే నా పంట పక్కకు వాని పేరు కడ్తవా? రేపు అదే చూపించి వాటా అడుగుతడు."

"అట్ల కాదు పెద్దమ్మా, ఊకె అడుగుతరు..."

"ఊకెందుకు అడుగుతరు? మొగోళ్లు పంట అమ్ముకునే దగ్గర పెండ్లాం పేరు అడుగుతరా?"

భవాని తాను కట్టిన పేజీలన్నీ గుర్తు చేసుకుంది. ఎరువుల దుకాణం పేజీ కట్టింది ఆమే, ట్రాక్టర్ల కిరాయి పేజీ కట్టింది ఆమే. వాటిలో ఎక్కడా అలాంటి గడి లేదు. ఆమెకు సిగ్గేసింది. ఆ సిగ్గు ఆటో ఎక్కేసరికి కోపంగా మారింది. భవాని దగ్గర ఏదైనా కోపంగా మారడానికి ఎక్కువసేపు పట్టదు.

*

ఆఫీసుకు వచ్చి కోడ్ తెరిచింది. పేజీలు కట్టేవాళ్లకు ఒక అలవాటుంది. కొత్త పేజీని ఎవరూ కొత్తగా మొదలుపెట్టరు. ఎప్పుడో చేసిన పాతదాన్ని తెచ్చి, పేర్లు మార్చి, రంగులు మార్చి, కొత్తదంటారు. అందులో తప్పేం లేదు, పని తొందరగా అవుతుంది. కాకపోతే పాత మంచం తెచ్చుకుంటే నల్లులు కూడా వెంట వస్తాయి. కంపెనీవాళ్లు ఇచ్చిన కాగితం మీద 'భర్త పేరు' అని ఉంది. అది ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్లూ ఆలోచించలేదు. భవాని తాను ఇంతకుముందు ఒక బడికి కట్టిన పేజీలోంచి 'తండ్రి పేరు' గడి తెచ్చి, పేరు మార్చి, ఎర్ర చుక్కతో సహా అక్కడ అతికించింది. దేనికని ఒక్క మాట అడగలేదు. జరిగే బొమ్మల కోసం అంత పోట్లాడిన మనిషికి ఈ గడి కంటికే ఆనలేదు.

అవసరం లేనిది అడగకూడదు. అడిగిన ప్రతిదానికీ 'ఎందుకు' అంటే చెప్పగలగాలి. ఈ రెండు మాటలూ పేజీలు కట్టడం నేర్పేవాళ్లు మొదటిరోజు చెప్పాలి. చెప్పరు. భవాని ఆ గడిని చుక్కతో సహా పీకేసింది.

మర్నాడే ప్రేమ్‌సాగర్ ఊడిపడ్డాడు. కంపెనీ తరఫున జహీరాబాద్ చుట్టుపక్కల ఊళ్లు చూసే ఆఫీసరు అతనే. చెడ్డవాడేం కాదు. పైవాళ్లు పంపిన కాగితాన్ని కిందివాళ్ల నెత్తిన దించడమే పని అనుకునే మనిషి.

"ఏందమ్మా ఇది?" అన్నాడు ఫోను చూపిస్తూ. "మా రాజు నాయన, ఊరందరికి ఎరుకే... ఇవి పేర్లా? నిన్న మీ ఊరి నుంచి వచ్చినయన్ని రిజెక్ట్ చేసిన్రు. ఇయ్యాల చూస్తే ఆ భర్త పేరు డబ్బానే లేదు."

"ఆ డబ్బా మీకు దేనికి పనికొస్తది సార్?"

"ఫార్మాట్ల ఉంది."

"ఫార్మాట్ల ఎందుకుంది?"

"ఎప్పటి సందో ఉంది. ఒకే ఊళ్లె ఇద్దరు పార్వతమ్మలుంటే ఎట్ల గుర్తుపడ్తవ్?"

"ఫోన్ నంబర్ ఉంది గద సార్. అది కూడ ఒక్కటే అయితే బండి పోయినప్పుడు పార్వతమ్మా అని పిలవండ్రి. ఇద్దరొస్తరు. ఎవరి మూట వాళ్ల నెత్తిమీదనే ఉంటది."

అనిల్ దగ్గు వచ్చినట్టు నటించి నవ్వు మింగాడు. ప్రేమ్‌సాగర్‌కు నవ్వు రాలేదు.

"మీ ఊరోళ్లకే ఎందుకమ్మా గింత పరేషాన్? మొగుడంపల్లి దిక్కు చూడు, నీటుగ నింపి పంపిన్రు. ఒక్క తప్పు లేదు."

అతను చూపించిన పేర్లు భవాని చూసింది. వీరప్ప. రాజేశ్వర్. దేవరాజ్. కింద భర్త పేరు గడిలో మళ్లీ వీరప్ప, రాజేశ్వర్, దేవరాజ్. ఏం జరిగిందో ఆమెకు కళ్లకు కట్టినట్టు కనపడింది. ఆ గడి దగ్గర ఆడవాళ్లు ఆగిపోయారు. "ఇటు తే" అని మొగవాళ్లు ఫోను లాక్కున్నారు. లాక్కున్నవాడు ఒక్క గడితో ఎందుకు ఊరుకుంటాడు? మొదటి నుంచీ తన పేరే నింపుకున్నాడు. ఒక్క ఎర్ర చుక్కతో ఊళ్లకు ఊళ్ల ఆడవాళ్లు పొలంలోంచి మాయమైపోయారు.

"వీళ్లు ఆడోళ్లా సార్?" అంది.

"ఇంట్ల ఎవరైతేంది? పంట పంటే గద."

"మరి పైన ఆడవాళ్ల పంట అని ఎందుకు రాయించిన్రు? బోర్డు ఆడోళ్లది, గల్లాపెట్టె మొగోళ్లదా?"

ప్రేమ్‌సాగర్ ముఖం ఎర్రబడింది. భవానికి జవాబు చెప్పకుండా అనిల్ వైపు తిరిగాడు. "రేపు పొద్దుగాలకల్ల ఆ డబ్బా, దాని మీద చుక్క, రెండూ పేజీల ఉండాలె. లేకుంటే పని వేరేటోళ్లకు పోతది" అని మెట్లు దిగిపోయాడు.

అనిల్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "పెట్టేయమ్మా. వాళ్ల పేజీ, వాళ్ల గడి. మనకెందుకు చెప్పు గొడవ?"

"నేను పెట్ట సార్."

"నువ్వు ఉద్యోగం చేస్తున్నావా, ఉద్యమం చేస్తున్నావా?"

"రెండూ చేస్తున్న. జీతం ఒక్కదానికే ఇస్తున్నరు."

"అదే వద్దనేది. నేనేం కానివాణ్ని కాను భవానీ. ఈ పని పోతే హైదరాబాద్ నుంచి ఇంకో పని రాదు మనకి. నువ్వు పెట్టకపోతే నేనే పెట్టుకుంటా, రెండు నిమిషాల పని."

"పెట్టుకోండ్రి. తెలిసి కూడ పెట్టిన అనిపించుకునుడు నాకొద్దు. తెల్వక చేసిన తప్పు ఒక్కసారి చాలు."

సొరుగులోని పాత ఫోను బ్యాగులో వేసుకుని లేచింది. రేపటి నుంచి రమ్మంటాడో వద్దంటాడో అడగలేదు. అడిగితే అతను రమ్మంటాడనే భయం ఆమెకు. కోపం చల్లారకముందే మనిషి మంచివాడని ఒప్పుకోవలసి వస్తుంది. పొద్దున ఇంట్లో ఆ ఫోను తెరిచి చూసేసరికి గడి మళ్లీ పేజీలో ఉంది. చుక్క కూడా ఉంది.

*

శనివారం మధ్యాహ్నం అందరూ శరణమ్మ పందిరి కిందికి మళ్లీ వచ్చారు. ఈసారి నవ్వులు లేవు. ఎత్తి పెట్టిన కొర్రల మూటలు గోడ వారగా ఉన్నాయి. సాయంత్రంలోగా పేర్లు ఎక్కకపోతే సోమవారం బండి ఈ ఊరి మొహం చూడదు. భవాని జరిగిందంతా దాచకుండా చెప్పింది, మొగుడంపల్లి సంగతితో సహా.

"తప్పు మొదలు నాది. ఆ డబ్బా పెట్టింది నేను, తీపియ్యలేకపోయింది నేను. ఇష్టమున్నోళ్లు నా చెవిల చెప్పండ్రి, నేను రాస్త" అంది.

"నీ చెవిల చెప్పినా నా నోట్లకెళ్లే గదనే రావాలె" అంది పార్వతమ్మ. "ఆయననే పిలుస్త, వచ్చి నింపుతడు."

"పిలువు" అంది శరణమ్మ. "మొగుడంపల్లి లెక్కనే మొదటి డబ్బాల కూసుంటడు. నువ్వు కలుపు తీసిన చేను ఆయనదైతది. ఖుషీగుండు."

పార్వతమ్మ లేవబోయినది కూచుంది. శరణమ్మ భవాని వైపు తిరిగింది.

"బిడ్డా, ఒక్క మాట చెప్పు. ఆ డబ్బాల అసలు పేరు పెట్టిన్నో, ఉత్త పేరు పెట్టిన్నో ఫోనుకు ఎరుకైతదా?"

"ఎరుక కాదు పెద్దమ్మా. ఖాళీగ ఉందా లేదా, గంతే చూస్తది. నిజమో అబద్ధమో దానికి తెల్వది."

"ఏదో ఒక మనిషి పేరుండాలె. గంతేనా?"

"గంతే."

శరణమ్మ ఫోను తీసుకుంది. తన పేరు, ఊరు, పంట చెప్పింది. ఆ గడి వచ్చింది. "మీ భర్త పేరు చెప్పండి" అంది ఫోను. ఆమె మైకు నొక్కి, గొంతు సవరించుకోకుండా, ఎవరి వైపూ చూడకుండా చెప్పింది.

"శరణమ్మ."

"మీ భర్త పేరు శరణమ్మ. అవునా?"

"అవును" అని బటన్ నొక్కింది. పేజీ ముందుకు పోయింది. పేరు ఎక్కింది.

పార్వతమ్మ రెండు చేతులూ చరుచుకుని ఫోను అందుకుంది. "మొగడు పెండ్లాం ఒక్కటే అంటరు గద! అయితే నేనే ఆయన" అంటూ, పక్క ఊరికి వినపడే గొంతుతో తన పేరే రెండుసార్లు చెప్పింది. ఒకరి తర్వాత ఒకరు కూచున్నారు. నాగరాణి మాత్రం వెనక్కి తగ్గింది.

"అట్ల చెప్తే ఆయనకేమన్న అయితదేమో అత్తా."

"పేరు చెప్తే ఆయుష్షు తక్కువైతదంటిరి. చెప్పకున్నా తక్కువైతదా? ఏం మొగడే వాడు, ఊదితే పోయేటట్టున్నడు!" అంది శరణమ్మ.

నాగరాణి ఫక్కున నవ్వి తన పేరు చెప్పింది.

ఆ వరస ఇంకా పూర్తి కాకముందే భవాని ఫోను మోగింది. అనిల్. పక్కనే ప్రేమ్‌సాగర్ అరుస్తున్నది వినపడుతోంది. భవాని స్పీకరు పెట్టింది.

"భవానీ, ఏంటమ్మా ఇది? రైతు పార్వతమ్మ, భర్త పార్వతమ్మ... అన్నీ ఇలాగే వస్తున్నాయి!"

"అన్ని డబ్బాలు నిండినయి గద సార్. పేజీ తీసుకుంది. మీరు పెట్టిన చుక్కనే తీసుకుంది."

ప్రేమ్‌సాగర్ ఫోను లాక్కున్నట్టున్నాడు. "తమాషా చేస్తున్నవా? ఇవన్ని తీసేపిస్త. మీ ఊరికి బండి రాదు చూడు!"

శరణమ్మ చెయ్యి చాపింది. భవాని ఫోను ఇచ్చింది.

"సారూ, నేను శరణమ్మను. మా కొర్రలు చూసినవ్ గద నువ్వు, మొన్న వచ్చి గుప్పెట్ల పోసుకుని బాగున్నయన్నవ్."

"అవునమ్మా, అది వేరే సంగతి. రూల్ ప్రకారం..."

"నీ రూల్ ఏమన్నది? డబ్బా ఖాళీ ఉండొద్దన్నది. లేదు. ఇగ నేనొకటి అడుగుత, చెప్పు. నువ్వు నా పంట కొంటున్నవా, నా మొగన్ని కొంటున్నవా?"

శరణమ్మ ఫోనును ఇంకో చేతికి మార్చుకుంది.

"మొగడు కావాల్నంటే బీదర్ పో, ఆడ ఉంటడు, ఊకెనే తెచ్చుకో. పంట కావాల్నంటే నా పేరుకు రా. వద్దంటవా, నెత్తిన పెట్టుకుని మార్కెట్‌కు పోతం. మాకు ఆ తొవ్వ కొత్త కాదు. కాని మొగని పేరు మాత్రం పెట్ట. ఈ పందిరి కింద ఎవ్వరం పెట్టం."

"పెట్టం!" అంది పార్వతమ్మ. ఇంకో రెండు గొంతులు కలిశాయి. నాగరాణి గొంతు కూడా అందులో ఉంది.

ఈ ఊరిని వదులుకుని, మొగవాళ్ల పేర్లే ఉన్న జాబితాతో హైదరాబాద్ పోతే, 'ఆడవాళ్ల పంట' అని బండి మీద రాసిన అక్షరాలకే నవ్వొస్తుంది. అది ప్రేమ్‌సాగర్‌కూ తెలుసు. కాసేపటికి అతని గొంతు దూరంగా, నీరసంగా వినిపించింది. "తీసెయ్యి అనిల్ ఆ డబ్బా. పైన నేను చెప్పుకుంట."

"మొగుడంపల్లి ఆడోళ్లను కూడ మళ్ల అడగాలె సార్!" అని భవాని అరిచింది. "పేజీ ఇంకో దినం తెరిచి పెట్టండ్రి."

"రేపు సాయంత్రం దాకా" అంది ఆ నీరసపు గొంతు.

ఫోను మళ్లీ అనిల్ చేతికి వచ్చింది. "ఆ గడి తీసేస్తున్నా భవానీ. ఇప్పటిదాకా వచ్చినవాటిల్లో కూడా ఆ పేర్లు తుడిచేస్తాను, మళ్లీ ఎవడూ పేచీ పెట్టకుండా. ఇంకేవన్నా వదిలేశానేమో సోమవారం వచ్చాక నువ్వే చూసుకో."

సోమవారం రమ్మంటున్నాడు. భవాని కళ్లు నీళ్లతో నిండాయి. నవ్వుతూనే తుడుచుకుంది. "అట్లనే సార్, తుడిచెయ్యండ్రి" అంది.

"నాది తుడువద్దని చెప్పు" అంది శరణమ్మ.

"ఎందుకు పెద్దమ్మా? డబ్బానే పోయింది గద. ఇగ ఎవ్వరు అడగరు నిన్ను."

"అడగకపోనీ. వాడు పోయిన సంది ఆ జాగల ఉన్నది నేనే. రాత్రి పూట చేనుకు నీళ్లు కట్టింది నేను, కప్పు కూలితే ఎక్కి కప్పింది నేను, జరమొస్తే నన్ను దవాఖానకు తీస్కపోయింది కూడ నేనే. ఒక్కసారన్న అది రాసి ఉండనీ."

భవాని ఫోను నోటి దగ్గర పెట్టుకుంది. "సార్, అన్ని తీసెయ్యండ్రి. మా పెద్దమ్మది ఒక్కటి అట్లనే ఉంచండ్రి."

"ఉంచుతా" అన్నాడు అనిల్. ఎందుకని అడగలేదు.

శరణమ్మ అప్పటికే లేచి, గోడ వారన ఉన్న మూటల మూతులు గట్టిగా ఉన్నాయో లేదో లాగి చూస్తోంది.